చార్టర్ స్కూల్ విస్తరణకి సంతకం పెట్టమంటున్నారు, పేద పిల్లల సీట్ల సంగతి ఎవరికైనా తెలుసా?

జెర్సీ_అమ్మ:

అందరికీ నమస్కారం. మేము సెంట్రల్ జెర్సీలో ఉంటాం, ఊరి పేరు చెప్పను. మా పెద్దమ్మాయి ఇక్కడి చార్టర్ స్కూల్లో (పబ్లిక్ డబ్బుతోనే నడుస్తుంది, ఫీజు లేదు, కానీ ఊరి మామూలు స్కూళ్ళ నుంచి విడిగా ఉంటుంది, సీట్లు లాటరీలో ఇస్తారు) మూడో గ్రేడ్. ఇప్పుడా స్కూలు సీట్లు పెంచుకోవడానికి రాష్ట్ర విద్యాశాఖకి అప్లై చేస్తోంది. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో రెండు వారాల నుంచి అదే గోల, సంతకాలు పెట్టండి, పర్మిషన్ ఇచ్చే రాష్ట్ర విద్యా కమిషనర్‌కి ఈమెయిల్స్ పంపండి అని. నాకూ స్వార్థం ఉంది, మా చిన్నాడు ఇంకో రెండేళ్ళలో కిండర్‌గార్టెన్‌కి వస్తాడు, వాడికి అక్క ఉంది కాబట్టి ఎలాగూ ప్రిఫరెన్స్ వస్తుందనుకోండి, కానీ మా చెల్లెలి పిల్లలు వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయారు.

మొన్న స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్ళాను. అక్కడ ఒకావిడ లేచి, మా ఊళ్ళో మామూలు పబ్లిక్ స్కూళ్ళలో ఫ్రీ లంచ్ తీసుకునే పేద పిల్లలు ఇంతమంది ఉంటే చార్టర్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఎందుకున్నారు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు దాదాపు ఎవరూ ఎందుకు లేరు అని అడిగింది. చార్టర్ తరఫున వచ్చినాయన "మాది లాటరీ, మేం ఎవర్నీ ఎంచుకోం, ఈసారి విస్తరణలో వెయిటెడ్ లాటరీ, అంటే పేద పిల్లలకి ఎక్కువ అవకాశం ఇచ్చే లాటరీ, పెడుతున్నాం" అన్నాడు. హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది కొట్టలేదు. నేను ఏమీ అనలేక కూర్చున్నా.

అడగాలనుకున్నది ఏంటంటే, లాటరీ అన్నాక అందరికీ సమానమే కదా, మరి పేద పిల్లలు ఎందుకు రావట్లేదు? ఈ వెయిటెడ్ లాటరీ వల్ల నిజంగా తేడా వస్తుందా, లేక పర్మిషన్ కోసం చెప్పే మాటా? సంతకం పెట్టాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.

కృష్ణ_ఒడ్డు:

ప్రిన్స్‌టన్ కథ చూడండి, మీరు చెప్పిన దానికి చాలా దగ్గర. ప్రిన్స్‌టన్ చార్టర్ స్కూల్ 2016 చివర్లో 348 మంది నుంచి 424కి పెరుగుతాం అని అప్లై చేసింది, అంటే 76 సీట్లు ఎక్కువ. ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకి లాటరీలో ఎక్కువ అవకాశం ఇస్తాం అన్నది ఆ దరఖాస్తులో ముఖ్యమైన మాట. ఊరి మామూలు పబ్లిక్ స్కూళ్ళని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ గట్టిగా వ్యతిరేకించింది, ఏటా పది లక్షల డాలర్ల పైనే మా బడ్జెట్ నుంచి పోతుందని. ఊరు రెండుగా చీలింది. 2017 మొదట్లో కమిషనర్ ఒప్పుకున్నారు.

దానికి ఏడాది ముందే రెడ్ బ్యాంక్‌లో ఇంకోలా జరిగింది. అక్కడి చార్టర్ 200 నుంచి 400కి, అంటే రెట్టింపు అవుతామంది, వెయిటెడ్ లాటరీ కూడా చూపించింది. ఆ ఊరి మామూలు స్కూళ్ళలో ఎక్కువ మంది లాటినో పిల్లలు, చార్టర్‌లో తెల్లవాళ్ళ వాటా దానికంటే బాగా ఎక్కువ. 2016 ఫిబ్రవరిలో కమిషనర్ కుదరదన్నారు. కాబట్టి వెయిటెడ్ లాటరీ అని రాసినంత మాత్రాన పర్మిషన్ వచ్చేయదు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. న్యూజెర్సీ చార్టర్ చట్టం 1995 నాటిది, అందులోనే ఉంది, స్కూల్లో చేరే పిల్లలు వీలైనంత మేరకు ఆ ఊరి పిల్లల్లో అన్ని రకాల వాళ్ళకీ అద్దం పట్టేలా ఉండాలని. 2000లో ఎంగిల్‌వుడ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్ళి, చార్టర్‌కి పిల్లలు వెళ్ళిపోవడం వల్ల మిగిలిన స్కూళ్ళలో జాతుల మధ్య ఎడం పెరుగుతుందా అన్నది కమిషనర్ చూసి తీరాలంది. బోర్డు మీటింగ్‌లో ఆవిడ అడిగింది ఏదో కడుపుమంట ప్రశ్న కాదు, చట్టం అడగమన్న ప్రశ్నే.

నెవార్క్_నుంచి:

ఒక్క నిమిషం. చార్టర్లన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు ప్లీజ్. నేను న్యూజెర్సీలోనే నెవార్క్ సిటీలో పనిచేస్తాను. ఇక్కడ ఊళ్ళో పబ్లిక్ స్కూల్ పిల్లల్లో మూడో వంతు దాకా చార్టర్లలోనే ఉన్నారు, వాళ్ళలో అత్యధికులు నల్లజాతి, లాటినో పేద కుటుంబాల పిల్లలే. సబర్బ్‌లో చార్టర్ అంటే ఉన్నవాళ్ళకి ఇంకో ఆప్షన్ అనిపించొచ్చు, ఇక్కడ అది చాలామందికి ఉన్న ఒకే దారి. బాస్టన్‌లో లాటరీలో గెలిచిన పిల్లల్ని, ఓడిన పిల్లల్ని పోల్చి ఎంఐటీ, హార్వర్డ్ ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనల్లో చార్టర్ పిల్లల లెక్కల మార్కులు బాగా పెరిగినట్టు తేలింది. ఇద్దరూ అప్లై చేసినవాళ్ళే, తేడా లాటరీయే, కాబట్టి ఆ ఫలితాన్ని కొట్టిపారేయలేం. అంత చేసినా 2016లో బాస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు చార్టర్ల సంఖ్యకున్న పరిమితి పెంచే ప్రతిపాదనని 62-38తో ఓడించారు. ఓడించిన వాళ్ళలో చాలామంది తమ పిల్లలకి మంచి స్కూళ్ళున్న సబర్బుల వాళ్ళే, లైన్లో నిలబడింది మాత్రం సిటీ పిల్లలు. నాకు ఇప్పటికీ అది మింగుడుపడదు.

కాబట్టి జెర్సీ_అమ్మ గారూ, విస్తరణ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. మీ ఊళ్ళో ఆ కొత్త సీట్లలో ఎవరు కూర్చుంటారో చూడండి.

టీచరమ్మ_ఈఎస్ఎల్:

నేను పబ్లిక్ స్కూల్లో ఇంగ్లిష్ రాని పిల్లలకి చెబుతాను, పదేళ్ళ పైనుంచి ఇదే పని. లాటరీ అన్నాక సమానమే కదా అన్నారు, చిట్టీ తీసే నిమిషంలో సమానమేనండీ. అన్యాయమంతా ఆ డబ్బాలో చిట్టీ పడకముందే జరిగిపోతుంది.

మా స్కూల్లో ఒక తల్లి ఉంది, గ్వాటెమాలా నుంచి వచ్చింది, రాత్రుళ్ళు ఆఫీసులు క్లీన్ చేస్తుంది. పిల్లాడు చురుకైనవాడు. ఆవిడకి చార్టర్ అని ఒకటుందనే తెలియదు, ప్రైవేటు స్కూలనుకుంది, ఫీజు ఉంటుందనుకుంది. నేను చెప్పాక అప్లికేషన్ ఫోన్లో తెరిచాం, ఇంగ్లిష్‌లోనే ఉంది. అందులో అడ్రస్ ప్రూఫ్ అడిగారు. వాళ్ళుండేది ఒక అపార్ట్‌మెంట్లో ఇంకో కుటుంబంతో కలిసి, లీజు వాళ్ళ పేరు మీద లేదు, కరెంటు బిల్లు లేదు. ఇంటి ఓనర్ దగ్గర నోటరీ చేయించిన కాగితం తెస్తే సరిపోతుంది, కానీ ఇద్దరు అద్దెకుంటున్నారని ఓనర్ ఎందుకు రాసిస్తాడు? సమాచార సమావేశం మంగళవారం సాయంత్రం ఆరున్నరకి, ఆవిడ షిఫ్టు మొదలయ్యేది ఆరుకి. ఇక బస్సు. న్యూజెర్సీలో ఎనిమిదో గ్రేడ్ దాకా ఇంటికీ స్కూలుకీ రెండు మైళ్ళు దాటితేనే డిస్ట్రిక్ట్ బస్సు ఇవ్వాలి. మైలున్నర ఉందనుకోండి, బస్సు లేదు, ఆవిడకి కారు లేదు. ఇన్ని చూసుకుని ఆవిడ "వద్దులెండి టీచర్" అంది. లాటరీలో ఆవిడ ఓడిపోలేదు. లాటరీ దాకా రానే లేదు.

అదే మన వాట్సాప్ గ్రూపులో అప్లికేషన్ తెరిచిన రోజు పొద్దున్నే లింకు పడుతుంది. కింద ఎవరో ఏయే కాగితాలు కావాలో కూడా రాసి పెడతారు. మనవాళ్ళు తప్పు చేస్తున్నారని అనట్లేదు, ఒకరికొకరు సాయం చేసుకోవడం మంచిదే. కానీ ఆ సాయం అందే వలయం ఎక్కడ ఆగిపోతుందో చూడాలి.

జెర్సీ_అమ్మ:

టీచరమ్మ గారూ, చదువుతుంటే బాధేసింది. మా అపార్ట్‌మెంట్లలో కూడా అలాంటి కుటుంబాలున్నాయి, వాళ్ళ పిల్లల్ని ఒక్కర్ని కూడా మా అమ్మాయి క్లాసులో చూడలేదు. మరి వెయిటెడ్ లాటరీ పెడితే ఇది సరవుతుందా? ఒక్కో పేద పిల్లకి రెండు చిట్టీలు వేస్తారు, అంతేనా?

లెక్కల_మాస్టారు:

దాదాపు అంతే. ఈ పద్ధతికి ఫెడరల్ విద్యాశాఖ 2014 జనవరిలో దారి తెరిచింది, రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే ఫెడరల్ చార్టర్ గ్రాంటు తీసుకునే స్కూళ్ళు కూడా వెనకబడిన పిల్లలకి లాటరీలో బరువు పెంచొచ్చని చెప్పింది. దాని బలమెంతో లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలే, మీ ఊరివి కావు.

కిండర్‌లో 40 సీట్లు అనుకోండి. అందులో 18 ముందే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పోయాయి, న్యూజెర్సీ చట్టం ఆ ప్రిఫరెన్స్‌ని ఒప్పుకుంటుంది. మిగిలినవి 22. అప్లికేషన్లు 300, వాటిలో పేద కుటుంబాలవి 15. మామూలు లాటరీలో ఆ పదిహేను మందిలో సగటున ఒక్కరికి సీటొస్తుంది. రెండేసి చిట్టీలు వేస్తే ఇద్దరికి. మూడేసి వేస్తే ముగ్గురికి. 40 మంది క్లాసులో ముగ్గురు!

ఇప్పుడు బరువు రెండే ఉంచి, టీచరమ్మ గారు చెప్పిన అడ్డంకులు తీసేసి, పేద కుటుంబాల అప్లికేషన్లు 15 నుంచి 100కి పెంచండి. అప్పుడు ఎనిమిదో తొమ్మిదో సీట్లు వాళ్ళకొస్తాయి. చిట్టీకి బరువు పెంచడం కంటే చిట్టీలు వేసేవాళ్ళని పెంచడం ఎన్నో రెట్లు పనిచేస్తుంది. రెండూ చేస్తే ఇంకా మంచిది.

ఇంకోటి గమనించండి, తోబుట్టువుల ప్రిఫరెన్స్ పాత క్లాసు పోలికల్నే కొత్త క్లాసులోకి మోసుకొస్తుంది. ఇవాళ పెద్దపిల్లల్లో పేదవాళ్ళు లేకపోతే రేపు వాళ్ళ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పోయే దాదాపు సగం సీట్లలోనూ పేదవాళ్ళు ఉండరు. వెయిటెడ్ లాటరీ పెట్టినా ఫలితం కనబడటానికి ఏళ్ళు పట్టేది ఇందుకే. రెడ్ బ్యాంక్ చార్టర్ మీద 2004లో అప్పీలు కోర్టు దాకా వెళ్ళిన గొడవలో ఈ తోబుట్టువుల ప్రిఫరెన్స్ కూడా ఒక అంశమే.

ఐఈపీ_నాన్న:

మా బాబుకి ఆటిజం, ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లాడికి స్కూలు ఏమేం సర్వీసులివ్వాలో రాసిన ప్లాన్) ఉంది. సీటొచ్చాక జరిగేది కూడా మాట్లాడుకోవాలి, ఇది ఎవరూ బయటికి చెప్పరు. మాకు లాటరీలో సీటొచ్చింది, ఆ స్కూలు పేరు రాయను. చేరిన కొన్నాళ్ళకే మీటింగులు మొదలయ్యాయి. ఎవరూ పొమ్మనలేదు. "మీ అబ్బాయికి కావాల్సిన సర్వీసులు డిస్ట్రిక్ట్‌లో ఇంకా బాగుంటాయేమో ఆలోచించండి" అనేవాళ్ళు, ఎంతో మర్యాదగా, ప్రతిసారీ. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఫోన్ వచ్చేది, ఇవాళ వాడికి బాలేదు తీసుకెళ్ళండి అని. మా ఆవిడ ఉద్యోగం మీదికి వచ్చింది. చివరికి మేమే వెనక్కి తెచ్చుకున్నాం. రికార్డుల్లో మాత్రం "తల్లిదండ్రులు స్వచ్ఛందంగా మానిపించారు".

చట్ట ప్రకారం చార్టర్ కూడా పబ్లిక్ స్కూలే, ఐఈపీలో ఉన్నవన్నీ ఇవ్వాలి. న్యూజెర్సీలో పిల్లాడిని ప్రత్యేక ప్రైవేటు స్కూల్లో పెట్టాల్సి వస్తే ఆ ఖర్చు డిస్ట్రిక్టే భరిస్తుంది, చార్టర్ కాదు. ఖర్చు ఎక్కువయ్యే పిల్లల బరువంతా ఎటు చేరుతుందో చూశారా.

అలా ఖాళీ అయిన సీటు మళ్ళీ నింపుతారా అని తప్పకుండా అడగండి. న్యూయార్క్‌లో కొన్ని పేరున్న చార్టర్లు నాలుగో గ్రేడ్ దాటాక కొత్త పిల్లల్ని తీసుకునేవి కావు. మసాచుసెట్స్ 2010లో చట్టం చేసింది, మొదటి సగం గ్రేడ్లలో ఫిబ్రవరి మధ్య దాకా ఖాళీలు వెయిటింగ్ లిస్టు నుంచి నింపాల్సిందే అని. దానితోపాటే పేద పిల్లల్నీ, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళనీ, ఐఈపీ పిల్లల్నీ ఎలా పిలుస్తారు, ఎలా నిలబెట్టుకుంటారు అని ప్రతి చార్టర్ ప్లాన్ రాసివ్వాలంది. న్యూయార్క్ కూడా అదే ఏడాది చార్టర్ల సంఖ్య పరిమితిని 200 నుంచి 460కి పెంచుతూ ఈ మూడు రకాల పిల్లలకీ టార్గెట్లు పెట్టింది. విస్తరణ కావాలంటే షరతులు కూడా ఉంటాయన్నమాట.

ఎడిసన్_రాజు:

నేను కొంచెం వేరేగా చెబుతా, కోప్పడకండి. మనలో చాలామంది హెచ్1బీ మీద వచ్చి, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళతరబడి చూస్తూ, పిల్లల చదువు ఒక్కటే చూసుకుని స్కూలు ర్యాంకు బట్టి ఇల్లు కొన్నవాళ్ళం. మేం ఎవరి సీటూ లాక్కోలేదు. లాటరీలో పేరిచ్చాం, వచ్చింది. ప్రాపర్టీ ట్యాక్సులు కడుతున్నాం. ఇప్పుడు నా పిల్లాడి చాన్సు తగ్గించి వేరేవాళ్ళకి పెంచుతాం అంటే నాకు అది న్యాయంగా అనిపించట్లేదు. పేదవాళ్ళకి సాయం చేయాలంటే డిస్ట్రిక్ట్ స్కూళ్ళు బాగు చేయండి.

టీచరమ్మ_ఈఎస్ఎల్:

రాజు గారూ, కోపమేం లేదు, చాలామంది మనసులో ఉన్నది మీరు బయటికి చెప్పారు. డిస్ట్రిక్ట్ స్కూళ్ళు బాగు చేయండి అన్నారు కదా, అక్కడే చిక్కు. చార్టర్‌కి వెళ్ళే ప్రతి పిల్లతో డిస్ట్రిక్ట్ దగ్గర్నుంచి డబ్బు వెళ్తుంది, లెక్క ప్రకారం తలకింత అన్నదాంట్లో 90 శాతం దాకా. క్లాసులో ఇద్దరు తగ్గితే టీచర్ జీతం తగ్గదు, బస్సు ఖర్చు తగ్గదు, గదికి హీటింగ్ తగ్గదు. ఊరి ట్యాక్సేమో ఏడాదికి 2 శాతం కంటే పెంచుకోవడానికి రాష్ట్రం మామూలుగా ఒప్పుకోదు. అప్పుడు డిస్ట్రిక్ట్ ఎక్కడ కోస్తుంది? మా బిల్డింగ్‌లో పోయినేడు ఒక ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ రాని పిల్లలకి చెప్పే టీచర్) పోస్టు ఖాళీ అయితే నింపలేదు. పేద పిల్లలు చార్టర్‌లోకీ రాక, ఉన్న స్కూల్లోనూ టీచర్ తగ్గితే, విస్తరణ ఖర్చు వాళ్ళే కట్టినట్టు కదండీ.

మీ బాబు చాన్సు సంగతి. కొత్తగా వచ్చే సీట్లు ఇవాళ ఎవరివీ కావు, పబ్లిక్ డబ్బుతో పుడుతున్నాయి. వాటిలో కొన్ని ఇంతదాకా డబ్బాలో చిట్టీయే వేయని పిల్లలకి దక్కాలని అడగడం మీవాడి దగ్గర్నుంచి లాక్కోవడం ఎలా అవుతుంది? ఇండియాలో విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లోనే ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలని 2009లో రాసింది, ఆంధ్రలో ఆ అడ్మిషన్లు మొదలవడానికి పదేళ్ళ పైనే పట్టింది, అది వేరే బాధ. ఇక్కడ కోటా కూడా అడగట్లేదు. తలుపు అందరికీ కనబడేలా ఉండాలంటున్నాం.

నెవార్క్_నుంచి:

టీచరమ్మ గారితో డబ్బు విషయంలో పూర్తిగా ఏకీభవించను, పిల్లతోపాటు డబ్బు వెళ్ళడమే న్యాయం, స్కూలు నడవాలి కదా. కానీ అడ్మిషన్ విషయంలో ఆవిడ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా దగ్గర 2014లో డిస్ట్రిక్ట్ స్కూళ్ళకీ చాలా చార్టర్లకీ కలిపి ఒకే అప్లికేషన్ పెట్టారు. మొదటి ఏడాది తల్లిదండ్రులకి నరకం కనబడింది, అన్నదమ్ములు రెండు మూలల స్కూళ్ళలో పడ్డారు. అయినా ఒకే ఫారంలో అన్ని స్కూళ్ళ పేర్లూ కనబడటం వల్ల చార్టర్ అనేది ఒకటుందని అమ్మలందరికీ తెలిసింది. న్యూ ఓర్లీన్స్ 2012లోనే అలాంటిది మొదలుపెట్టింది, అక్కడ తర్వాత పిల్లల్ని ఎక్స్‌పెల్ చేసే నిర్ణయం కూడా స్కూలు చేతిలోంచి తీసి ఒకే చోట పెట్టారు. లిస్టు స్కూలు చేతిలో లేకపోతే సగం అనుమానాలు పోతాయి. మీ ఊళ్ళో కిండర్ రిజిస్ట్రేషన్‌కి వచ్చిన ప్రతి కుటుంబానికీ చార్టర్ ఫారం కూడా అదే టేబుల్ మీద ఇవ్వమనండి. పైసా ఖర్చు లేదు.

కృష్ణ_ఒడ్డు:

జెర్సీ_అమ్మ గారూ, ఒక ప్రాక్టికల్ మాట. దీన్ని తేల్చేది మీ స్కూల్ బోర్డు కాదు, ఊరి ఓటు కాదు, రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో ఉండే కమిషనర్. బోర్డు తన అభిప్రాయం పంపగలదు, మీరూ పంపొచ్చు. 2021లో నెవార్క్ చార్టర్ల విస్తరణ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు పర్మిషన్లని నిలబెట్టింది కానీ, ఇకపై కమిషనర్ కారణాలు విడమరిచి రాయాలని చెప్పింది. కాబట్టి అంకెలతో రాసిన ఉత్తరం ఫైల్లో ఉండటం ముఖ్యం. ఊరికే "మాకు విస్తరణ కావాలి" అని వెయ్యి సంతకాలు పంపే బదులు, పిల్లల వివరాలతో ఒక్కటి పంపండి.

అంకెలు చూసేటప్పుడు జాగ్రత్త. ఫ్రీ లంచ్ లెక్క ఫెడరల్ దారిద్ర్య రేఖకి 130 శాతం లోపు ఆదాయానికి ఫ్రీ, 185 దాకా తగ్గింపు ధర అని మొదలైంది. కొన్ని స్కూళ్ళలో ఇప్పుడు అందరికీ ఉచితంగా పెట్టేస్తున్నారు, అక్కడ ఫారాలు సరిగ్గా నింపరు, దాంతో ఏ స్కూల్లో ఎంతమంది పేదలన్నది మసకబారుతుంది. చార్టర్‌నీ డిస్ట్రిక్ట్‌నీ ఒకే కొలతతో పోలుస్తున్నారా చూసుకోండి. వెయిటెడ్ లాటరీకి ఆదాయం ఎలా తెలుసుకుంటారో కూడా అడగండి. అప్లికేషన్‌లోనే జీతం కాగితాలు పెట్టమంటే ఇమిగ్రేషన్ కాగితాల్లేని కుటుంబాలు భయపడి అసలు రావు. టిక్ పెట్టిస్తే చాలు, రుజువు సీటొచ్చాక చూసుకోవచ్చు.

జెర్సీ_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఐఈపీ బాబు నాన్నగారూ, మీకు జరిగింది చదివి మా ఆయనకి కూడా చూపించాను.

గ్రూపులో తిరుగుతున్న ఆ పిటిషన్ మీద సంతకం పెట్టట్లేదు. నా పేరుతో విడిగా రాస్తున్నాను, ఇలా: మా అమ్మాయి ఇక్కడే చదువుతోంది, టీచర్లు బాగా చెబుతారు, సీట్లు పెరగడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఫారం స్పానిష్‌లో కూడా ఉండాలి, డిస్ట్రిక్ట్ రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరే ఇవ్వాలి. లీజు లేని కుటుంబాలకి ఇంకో దారి చూపాలి. బస్సు రాని దూరంలో ఉన్నవాళ్ళని ఎలా తీసుకొస్తారో చెప్పాలి. మధ్యలో ఖాళీ అయిన ప్రతి సీటూ నింపాలి, ఎంతమంది ఎందుకు మానేశారో ఏటా బయటపెట్టాలి. పేద పిల్లల అప్లికేషన్లు ఎన్ని వచ్చాయో లాటరీకి ముందే ప్రకటించాలి. ఇవి రాతపూర్వకంగా ఒప్పుకుంటే సరే, లేకపోతే విస్తరణ ఆపమని.

రాజు గారూ, మీకు ఇష్టమైతే డ్రాఫ్ట్ పంపిస్తాను, ఏ పాయింటుతో మీకు ఇబ్బందో చెప్పండి. టీచరమ్మ గారూ, మీ దగ్గర స్పానిష్ బాగా వచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మా అపార్ట్‌మెంట్ లాండ్రీ రూములో పెట్టడానికి ఒక కాగితం రాయించాలి, వచ్చే లాటరీ అప్లికేషన్ ఎప్పుడు తెరుస్తారు, ఏం కావాలి, ఫీజు లేదు అని.

టీచరమ్మ_ఈఎస్ఎల్:

నేనే రాసిస్తాను. కింద నా ఫోన్ నంబరు కూడా పెట్టండి, కాగితాల దగ్గర ఆగిపోయినవాళ్ళు నాకు కాల్ చేస్తారు. నంబరు మెసేజ్‌లో పంపుతున్నా.